చరిత్రకు ముందటి తల్లి ఎందరిని కన్నదో ఎముకలు చెబుతాయా?

రాత లేని కాలపు స్త్రీలు ఎందరు పిల్లల్ని కన్నారో, ఎన్నాళ్లు పాలిచ్చారో తవ్వకాల్లో దొరికిన ఎముకలను బట్టి చెప్పవచ్చా అని అడిగారు. దొరికిన ప్రతి ఆడబొమ్మా మాతృదేవతేనా అన్నది మీ రెండో ప్రశ్న. పుణెలో పురావస్తు శాస్త్రం చదువుకుని, కొన్నేళ్లు ఎముకల ప్రయోగశాలలో పనిచేసిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఫలానా స్త్రీకి ఇన్ని కాన్పులు అని ఆమె ఎముకలను చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. అయినా ఆ తల్లుల గురించి తెలుసుకోదగినది చాలా ఉంది. అది వారి ఎముకల్లో కన్నా, చిన్ననాడే పోయిన వారి బిడ్డల ఎముకల్లోనూ పాలపళ్లలోనూ ఎక్కువగా ఉంది.

చదువుకునే రోజుల్లో నేనూ తల్లి ఎముకల్లోనే వెతికాను. కటి భాగంలో రెండు ఎముకలు ముందువైపు కలిసేచోట, లోపలి పక్కన, కొందరి అస్థిపంజరాల్లో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ప్రసవంలో ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు లాగడం వల్ల అవి ఏర్పడతాయనీ, గుంటలు ఎంత లోతుగా ఉంటే కాన్పులు అంత ఎక్కువనీ ఒకప్పుడు నమ్మేవారు. నేను ఒక స్త్రీ గురించి ‘కనీసం నాలుగు కాన్పులు’ అని నివేదికలో రాస్తే మా గురువుగారు ఆ వాక్యాన్ని కొట్టేసి, లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగలో దొరికిన అస్థిపంజరాల గురించి చదవమన్నారు. 18, 19 శతాబ్దాల నాటి ఆ శవపేటికల్లో చాలావాటి మీద పేరు, వయసు చెక్కి ఉండడంతో, ఎవరికి ఎందరు పిల్లలో రికార్డులతో సరిచూడడం వీలైంది. గుంటలకూ కాన్పుల సంఖ్యకూ నమ్మదగిన సంబంధమేదీ తేలలేదు. ఆ తరువాత నేను అలాంటి వాక్యం మళ్లీ రాయలేదు.

ఇక బిడ్డల సంగతి. మనకు దగ్గరి ఉదాహరణ పుణె జిల్లాలో ఘోడ్ నది ఒడ్డున ఉన్న ఇనాంగావ్. 1968 నుంచి 1983 వరకు పుణెలోని డెక్కన్ కాలేజీ వారు తవ్విన, రాగినీ రాతినీ కలిపి వాడిన తామ్రశిలాయుగపు ఈ ఊరు సుమారు క్రీ.పూ. 1600 నుంచి 700 వరకు బతికింది. అక్కడ బయటపడిన రెండు వందలకు పైగా ఖననాల్లో అధిక భాగం చిన్నపిల్లలవే. ఇంటి నేలలోనే గొయ్యి తీసి, రెండు కుండలను మూతికి మూతి ఆనించి అడ్డంగా పడుకోబెట్టి, పసిబిడ్డను వాటిలో ఉంచేవారు. మన ఇళ్లలో నేటికీ పసిపిల్లలను దహనం చేయకుండా పూడ్చిపెడతారు కనుక, ఇది చదివిన తెలుగువారికి గుండె కలుక్కుమనక మానదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తొడ ఎముక సుమారు ఏడున్నర సెంటీమీటర్లే ఉంటుంది. అటువంటి ఎముకను మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నప్పుడు దాని పొడవు కొలిచి రాసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇన్ని పిల్లల సమాధులు చూడగానే ‘ఎంత శిశుమరణం!’ అనిపిస్తుంది. లెక్క అంత సులువు కాదు. జనం పెరుగుతున్న ఊళ్లో పిల్లలే ఎక్కువ కాబట్టి శ్మశానంలోనూ వారి వాటా పెరుగుతుంది. అంటే సమాధుల్లో పిల్లల నిష్పత్తి మరణాల కన్నా జననాలనే ఎక్కువగా చూపుతుంది. ఫ్రాన్సుకు చెందిన పరిశోధకుడు జాన్ పియర్ బోకే-అపెల్ ఐదేళ్లు దాటినవారి అస్థిపంజరాల్లో 5 నుంచి 19 ఏళ్లలోపువారి వాటాను ఐరోపా శ్మశానాల్లో లెక్కగట్టి, వ్యవసాయం వచ్చిన తరువాత కాన్పులు పెరిగాయని చూపారు. ఐదేళ్లలోపువారిని ఆయన వదిలేయడానికి కారణం, వారి ఎముకలు నేలలో నిలవడమూ తవ్వకాల్లో దొరకడమూ అరుదు కావడమే. ఇనాంగావ్ వంటి చోట ఆ పసివారి ఎముకలే ఇన్ని దొరకడం అపురూపం.

కాన్పులు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు జవాబు పాలు మాన్పించడంలో ఉంది. బిడ్డ తరచుగా పాలు తాగినంతకాలం తల్లికి అండం విడుదల కావడం ఆలస్యమవుతుంది కాబట్టి, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ధాన్యంతో కాచిన జావ అందుబాటులోకి వచ్చాక పాలు త్వరగా మాన్పించవచ్చు, ఎడం తగ్గుతుంది. మా అమ్మమ్మ వేపాకు నూరి రాసుకుని మా చిన్నమామ చేత వారంలో పాలు మాన్పించానని చెప్పేది. ఆ వారం ఎముకలో కనిపించదు గానీ నెలల తేడా కనిపిస్తుంది. చనుబాలు తాగే బిడ్డ ఒకరకంగా తల్లినే తింటున్నట్టు లెక్క. అందువల్ల బిడ్డ ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో, తినేదానికన్నా తినేవారిలో ఎక్కువగా ఉండే నైట్రోజన్-15 (బరువైన రకం నైట్రోజన్) విలువ తల్లి కన్నా వెయ్యింటికి 2, 3 వంతులు పెరిగి, పాలు మానాక మళ్లీ దిగుతుంది. మన వేడి నేలల్లో కొల్లాజెన్ తరచుగా పాడైపోతుంది. అప్పుడు చనుబాలు తాగే కాలంలో పంటి ఎనామెల్‌లో ఎక్కువగా చేరే బేరియం అనే లోహం ఆదుకుంటుంది. బెల్జియంలోని స్క్లాడినా గుహలో దొరికిన నియాండర్తల్ (అంతరించిపోయిన ప్రాచీన మానవజాతి) బిడ్డ ఏడు నెలలు చనుబాల మీదే ఉండి, మరో ఏడు నెలలు పాలతోపాటు ఇతర ఆహారం తిని, ఆపై ఉన్నట్టుండి పాలు మానేసిందని 2013లో ఈ పద్ధతితోనే తేల్చారు.

పాలపంటిలో ఇంకొకటి ఉంది. పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, పుట్టుకకు ముందు పెరిగిన ఎనామెల్‌కూ తరువాతిదానికీ నడుమ సన్నని నల్లని గీత కనిపిస్తుంది. పుట్టి కనీసం వారం, పది రోజులు బతికిన బిడ్డలోనే ఆ గీత స్పష్టమవుతుంది. నేను చూసిన పళ్లలో ఒకదానిలో గీత లేదు. ఆ బిడ్డ కడుపులోనే పోయిందో, పురిటిలోనే పోయిందో అంతకు మించి పన్ను చెప్పదు.

బొమ్మల విషయంలో జాగ్రత్త అవసరం. ఇనాంగావ్‌లో ఒక ఇంటి నేల కింద ఒక మట్టిపెట్టెతోపాటు తల లేని ఆడబొమ్మ, ఒక ఎద్దు బొమ్మ దొరికాయి. ఇంట్లో శ్రద్ధగా దాచారు కనుక అవి పూజకు సంబంధించినవే అనుకోవచ్చు. దాని నుంచి ఊరంతా మాతృదేవతను కొలిచిందనీ, స్త్రీకి అక్కడ పెద్దపీట ఉండేదనీ చెప్పలేము. ఆ ఊరి తల్లి రోజులు ఎలా గడిచాయో తెలియాలంటే బొమ్మ కన్నా ఆ కుండలోని బిడ్డ పన్నే నమ్మదగినది.

మీరు ఈ అంశం మీద ప్రాజెక్టు చేయదలచుకుంటే, ముందుగా ఏదైనా పాత తవ్వకపు సామగ్రిలో ‘జంతువుల ఎముకలు’ అని రాసి ఉన్న సంచులను అనుమతి తీసుకుని తెరిచి చూడండి. పసిబిడ్డల పక్కటెముకలను పక్షి ఎముకలుగా పొరబడడం మామూలే, నేను తెరిచిన సంచుల్లో అలాంటివి రెండుసార్లు కనిపించాయి.