లక్షా ముప్పై అయిదు వేల రూపాయల బూట్లు, పెరిగే పాదం

రాయగడ నుంచి ఒక చెల్లెమ్మ పెద్ద మెసేజే పెట్టింది, కుదించి చెబుతాను. వాళ్ల పదేళ్ల గుంట (అంటే ఆడపిల్ల, ఆవిడ మాటే, నాకు నచ్చి ఉంచేశాను) మూడేళ్లుగా శని ఆదివారాలు వైజాగ్ వెళ్లి రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. పోయిన వేసవిలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కించి గురుగ్రామ్‌లో ఐస్ రింక్ క్యాంపుకి తీసుకెళ్తే అక్కడ ఫిగర్ స్కేటింగ్ (బ్లేడు బూట్లతో మంచు మీద జారుతూ, దూకుతూ, గాలిలో చుట్లు తిరగడం) రుచి మరిగింది. ఈ ఏడాది పదిహేనేసి రోజుల క్యాంపులు రెండు ఉన్నాయి. అద్దె బూట్లతో ఇక లాభం లేదు, సొంతవి కొనండి అన్నాడట కోచ్. రెండు కోటేషన్లు వచ్చాయి. ఒకదాంట్లో బూట్లు 85,000, బ్లేడ్లు 45,000, బిగించడానికి 5,000, వెరసి 1,35,000. రెండోది బ్లేడు బిగించే వచ్చే సెట్టు, 46,000. "ఖరీదైనవైతే నాలుగైదేళ్లు మన్నుతాయి కదా అన్నా, గాజులు తాకట్టు పెట్టి ఒకేసారి మంచివి కొనేయనా? సుకన్యలోంచి తీయడానికి వీలుందా?" అని అడిగింది.

చేతిలో ఉన్నది: సేవింగ్స్‌లో 40,000, పోస్టాఫీసులో నెలకు 5,000 చొప్పున 22 నెలలు కట్టిన ఆర్డీ, పిల్ల పేరున సుకన్య ఖాతా. ఆర్డీ కట్టాక నెలకు ఆరు వేలు మిగులుతాయి. అప్పులు లేవు, సంతోషం.

గాజులు బీరువాలోనే ఉండనీ చెల్లెమ్మా. 46,000 సెట్టు కొనండి.

మన్నిక గురించి అడిగారు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. ఈ బూట్లు ఎలా చస్తాయో తెలిస్తే లెక్క తేలిగ్గా తెగుతుంది. రోజూ గంటలకు గంటలు మంచు మీద దూకే పెద్ద స్కేటర్ల బూటు చీలమండ దగ్గర మడతలు పడి, లోపలి గట్టిదనం చచ్చిపోయి పోతుంది. గట్టి తోలు, పొరల మీద పొరలు వేసి కుట్టిన ఖరీదైన బూటు వాళ్లకి అందుకే కావాలి, దూకిన ప్రతిసారీ కాలు విరిగేంత బరువు దాని మీదే పడుతుంది మరి. మీ పిల్ల సంగతి వేరు. ఏడాదికి రెండు క్యాంపులు, రోజుకు మూడు గంటలు, మొత్తం 90 గంటల మంచు. ఆ 90 గంటల్లో ఏ బూటూ అరగదు. ఈలోగా పాదం పెరిగిపోతుంది. పదేళ్ల వయసులో ఏడాదికి ఒక సైజు మారడం మామూలే, స్కూలు బూట్లు కొంటున్నారు, మీకు నేను చెప్పాలా. అంటే మీరు 1,35,000 పోసి కొనే ఆ నాలుగేళ్ల మన్నికలో మీ పిల్ల వాడుకునేది ఒక్క ఏడాది, మిగతా మూడేళ్లు అట్టపెట్టెలో ఉంటాయి. గంటకి లెక్కేస్తే అదొక 1,500, ఇదొక 510 పడుతుంది.

పైగా మరీ గట్టి బూటు చిన్నపిల్లకి మంచిది కూడా కాదు. మోకాలు వంచినప్పుడు చీలమండ దగ్గర బూటు కాస్త లొంగాలి. ముప్పై కిలోల పిల్ల బరువుకి అది లొంగకపోతే స్కేటింగే సరిగా రాదు, నొప్పులొస్తాయి. అందుకే కంపెనీలు బూట్లని గట్టిదనం బట్టి మెట్లు మెట్లుగా చేస్తాయి, గాలిలో ఒక చుట్టు తిరిగే పిల్లకి ఒకటి, రెండు చుట్లు తిరిగేవాళ్లకి ఒకటి. మీ కోచ్‌ని ఒక్క ప్రశ్న అడగండి, మా పిల్ల ఇప్పుడు వేసే జంపులకి ఏ మెట్టు చాలు అని. వచ్చే ఏడాది వేయబోయే జంపుల సంగతి కాదు, ఇప్పుడు వేసేవే. ఆయన చెప్పిన మెట్టు రెండో కోటేషన్‌లో ఉంటే ఇక చర్చ లేదు. లేకపోతే అదే సెట్టు పైమెట్టులో ఎంతో కనుక్కుని నాకు రాయండి.

ఇక బ్లేడు. ఇంగ్లండులో షెఫీల్డ్ అని ఉక్కుకి పేరుపడ్డ ఊరు ఉంది, జాన్ విల్సన్ అనే పేరు మీద 1696 నుంచీ అక్కడ బ్లేడ్లు చేస్తున్నారు. మన విజయనగరం కోట కట్టింది 1713లో, చూసుకోండి. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు సాధారణంగా కార్బన్ ఉక్కు, తుప్పు పట్టకుండా క్రోమ్ పూత వేస్తారు, కానీ మంచుని తాకే అంచు దగ్గర ఆ పూత ఉండదు. పక్క నుంచి చూస్తే మెరిసే భాగం కింద మసకగా ఒక సన్నని పట్టీ కనబడుతుంది కదా, ఆ పట్టీయే బ్లేడు ఆయుష్షు. సాన పట్టిన ప్రతిసారీ అది కాస్త తరుగుతుంది, సాన క్రోమ్ గీత దాకా వచ్చిందంటే ఆ బ్లేడు పనైపోయినట్టే. ఇరవై నుంచి నలభై గంటలకొకసారి సాన అన్నది మామూలు లెక్క, మీ 90 గంటలకి మూడు నాలుగు సార్లు. చెడ్డ సాన ఒక్కసారి పట్టినా నాలుగు సార్ల ఉక్కు తినేస్తుంది. వీధిలో కత్తులకి సాన పట్టే మనిషికి పొరపాటున కూడా ఇవ్వకండి, ఈ బ్లేడు అడుగున నిలువునా సన్నని గాడి ఉంటుంది, గాడికి రెండు పక్కలా రెండు అంచులు, ఆ రెండూ సమానంగా ఉండాలి. అతను పాపం పదును చేస్తాడు గానీ గాడి పోతుంది. రింక్ దగ్గరే పట్టించి తెచ్చుకోండి, మన దగ్గర చేసేవాళ్లు లేరు.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు కానీ అడగబోతారు, అందుకని చెప్పేస్తున్నాను. మా మేనల్లుడికి నేనే కొన్నాను, ఆన్‌లైన్‌లో, ఫొటోలు చూసి, పద్దెనిమిది వేలు. లెక్కలు చెప్పి బతికేవాణ్ని, బేరం కుదిరిందని బరంపురం అంతా చెప్పుకున్నాను. రింక్‌కి వెళ్లాక రెండో రోజు ఎడమ మడమ దగ్గర బ్లేడు కదులుతోంది అన్నాడు. స్క్రూ బిగిస్తే గిర్రున తిరుగుతోంది, పట్టడం లేదు. విప్పి చూస్తే అడుగు తోలు నానిన అట్టలా ఉంది, గోరు దిగిపోతోంది. ముందు వాడినవాళ్లు తడి తుడవకుండా సంచిలో కుక్కేసి ఉంటారు, స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి తోలు కుళ్లింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. కాబట్టి పాత బూట్లు చేత్తో పట్టుకుని చూడకుండా వద్దు. చీలమండ దగ్గర లోతైన మడతలున్నా, స్క్రూల చుట్టూ తోలు నల్లబడినా వదిలేయండి. బ్లేడు నయం, మసక పట్టీ ఎంత మిగిలిందో కళ్లతో కనబడుతుంది.

ఇదే కారణంగా ఇంకో మాట. ఐస్ బూటుకి బ్లేడు తీసి రోలర్ చక్రాలు బిగించి వైజాగ్‌లో వాడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ప్రతి కొత్త రంధ్రం అడుగు తోలుని బలహీనం చేస్తుంది. పాత రోలర్ బూట్లతోనే నడవనీయండి. మన వైపు శ్రావణంలో తోలుకి తెల్లగా బూజు పట్టడం మీకు తెలిసిందే, మంచం కింద ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. మంచు మీంచి దిగగానే బ్లేడు పొడి గుడ్డతో తుడిచి బట్ట తొడుగు వేయండి. ప్లాస్టిక్ గార్డులు గచ్చు మీద నడవడానికి మాత్రమే, వాటిలోనే ఉంచేస్తే తడి ఆరక తుప్పు పడుతుంది.

డబ్బు సంగతి. సుకన్యలోంచి ఇప్పుడు రాదు. పిల్లకి పద్దెనిమిదేళ్లు నిండాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ, అదీ చదువు కోసం, సగం దాకా తీయనిస్తారు. బూట్లకి ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది. పోస్టాఫీసు ఆర్డీని మూడేళ్లు నిండకుండా మూసే వీలు లేదు, మూడేళ్ల తర్వాత మూసినా సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు, దాన్ని కదపొద్దు. కానీ పన్నెండు వాయిదాలు దాటితే ఉన్నదాంట్లో సగం దాకా దాని మీదే అప్పు ఇస్తారు, ఆర్డీ వడ్డీ మీద రెండు శాతం ఎక్కువ. మీ ఆర్డీ 6.7 శాతం కాబట్టి అప్పు 8.7 శాతానికి పడుతుంది. మీరు కట్టింది 1,10,000, అంటే 55,000 దాకా దొరుకుతుంది. అందులో 30,000 చాలు, మిగతా 16,000 సేవింగ్స్‌లోంచి తీయండి, 24,000 ముట్టుకోకండి, గురుగ్రామ్‌లో పిల్లకి జ్వరమొస్తే చేతిలో ఉండాలి. నెలకు మిగిలే ఆరు వేలల్లో అయిదు వేలు చొప్పున ఆరు నెలలు కడితే తీరిపోతుంది, వడ్డీ ఎటు చూసినా 1,305కి మించదు. ఆ తర్వాత ఆరు నెలలు అదే అయిదు వేలు విడిగా వేసుకుంటూ పోతే వచ్చే జతకి 30,000 సిద్ధం. ఈ జత అమ్మితే వచ్చింది దానికి తోడు, కానీ ఎంతకి అమ్ముడవుతుందో ఇప్పుడే లెక్కలో కలుపుకోవద్దు.

కెనడాలో ఉన్న మీ తమ్ముడు గిఫ్ట్ అని రాసి పార్శిల్ చేస్తానన్నాడని చివర్లో ఒక వాక్యం పెట్టారు. గిఫ్ట్ పార్శిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2019 డిసెంబరులోనే తీసేశారు, ఇక్కడ దిగాక కొరియర్ వాడు బిల్లు పట్టుకుని వస్తాడు. అది సరే, కాలికి తొడిగి చూడకుండా ఈ బూట్లు కొనడమే పెద్ద రిస్కు. బయల్దేరే ముందు ఒకరోజు సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉండే వేళ, పిల్లని తెల్లకాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి మిల్లీమీటర్లలో కొలిచి కోటేషన్ ఇచ్చినవాళ్లకి పంపండి. రెండూ ఒకేలా ఉండవు, పెద్దదాని కొలత ఇవ్వండి.