ఉప్పు వేరు, క్రిములు వేరు: బాపట్ల బోరు నీళ్ల గురించి

అన్నా, బాపట్ల తీరంలో మీ 25 అడుగుల బోరుకు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 1,600 మిల్లీగ్రాములు వచ్చిందని, బ్లీచింగ్ వేసినా పదిహేను రోజులకే కోలిఫామ్ (మురుగు కలిసిందేమోనని చెప్పే క్రిములు) మళ్లీ తేలుతోందని రాశారు. ఈ రెంటికీ ముడిపెట్టకండి. కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం ఇంకాస్త చిక్కబడుతుంది.

ముందు సెప్టిక్ ట్యాంక్ ఎంత దూరంలో ఉందో కొలవండి. ఇసుక నేలలో మురుగు ఇట్టే దిగిపోతుంది. రిపోర్టులో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే నా అనుమానం ఆ మురుగు మీదే. పక్కన పొలం ఉంటే ఎరువులూ కావచ్చు. మూలం ఆపకపోతే ఎన్నిసార్లు బ్లీచింగ్ వేసినా దండగే.

ఇక, బకెట్లో పట్టిన నీళ్లు పొద్దుటికి ఎర్రబడుతున్నాయా? అది ఇనుము. అదీ, కుళ్లిన గుడ్డు వాసనొచ్చే వాయువూ క్లోరిన్‌ను ముందే మింగేస్తాయి. క్రిములుంటే నల్లబడే సీసా టెస్టు ఆ వాయువుకే నల్లబడొచ్చు, అప్పుడు దాన్ని నమ్మొద్దు, ల్యాబ్‌లో ఈ-కోలి (మలంలో ఉండే క్రిమి) ఉందేమో చూపించండి. శుద్ధికి బోరులో నిలిచిన ప్రతి 1,000 లీటర్లకు 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 200 గ్రాములు, నీళ్లలో కలిపి తేర్చి పోయండి. పన్నెండు గంటలు ఆగి, క్లోరిన్ వాసన పోయేదాకా తోడి పారబోయండి. అప్పటిదాకా తాగొద్దు.

బోరు లోతు మాత్రం పెంచకండి, కింద ఉప్పునీళ్లే తగిలే ప్రమాదం ఎక్కువ.