సీ అనిమోన్: కళ్లూ మెదడూ లేకుండా సముద్రంలో ఎలా నెగ్గుకొస్తుంది?

అడిగిన ప్రశ్న ఇది: "సీ అనిమోన్ మొక్కా, జంతువా? కళ్లు లేవు, మెదడు లేదు, ఉన్నచోటి నుంచి కదలదు అంటారు. మరి సముద్రంలో ఎలా బతుకుతుంది? మన వైపు ఎక్కడైనా చూడొచ్చా? ముట్టుకుంటే ఏమైనా అవుతుందా?"

జంతువే. పైగా పక్కా మాంసాహారి. పగడాలకు దగ్గరి చుట్టం, జెల్లీ చేపలకు దూరపు చుట్టం. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు నిడేరియా వర్గం ఉదాహరణల్లో "ఆడంసియా" అని బట్టీ పట్టింది గుర్తుండొచ్చు, అది సీ అనిమోనే. నేను విశాఖలో ఆ పాఠమే చెబుతుంటాను. వీలున్నప్పుడల్లా పిల్లల్ని లో టైడ్ వేళకి, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ల మీదికి తీసుకెళ్తాను. కాబట్టి పుస్తకంలో ఉన్నదీ, కళ్లతో చూసిందీ కలిపే చెప్తాను.

సీ అనిమోన్ అనగానే అందరికీ నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేప గుర్తొస్తుంది. నాకు అదే కాస్త చిరాకు. వెయ్యికి పైగా జాతులున్న ఈ జీవుల్లో ఆ చేపలకి చోటిచ్చేవి పది జాతులే. మిగతావన్నీ ఏ చేపతోనూ పొత్తు లేకుండా, ధ్రువాల దగ్గరి మంచు నీళ్ల నుంచి అగాధాల దాకా బతికేస్తున్నాయి. 1951లో గలతియా అనే డెన్మార్క్ పరిశోధక నౌక ఫిలిప్పీన్స్ పక్కనున్న అగాధంలో 10 వేల మీటర్ల కన్నా లోతు నుంచి పైకి తెచ్చిన జీవుల్లో ఇవీ ఉన్నాయి. అంటార్కిటికాలో అయితే సముద్రం మీద తేలే మంచు పలక అడుగు భాగంలోకి ఒళ్లు దూర్చుకుని, స్పర్శకాలు, అంటే నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి, కిందికి వేలాడేసి బతికే జాతి ఒకటి ఉంది. దానికి 2013లో పేరు పెట్టారు. అందుకే చేప సంగతి తర్వాత, ముందు దీని సంగతి.

విప్పుకుని ఉన్నప్పుడు చూస్తే మెత్తటి పొట్టి స్తంభం, దాని మీద బల్లపరుపు చక్రం, మధ్యలో నోరు, నోటి చుట్టూ వరసలుగా స్పర్శకాలు. అడుగుభాగం రాతికి అతుక్కుని ఉంటుంది. ఎముక లేదు, పెంకు లేదు. నిలబడటానికి ఆధారం లోపలున్న నీళ్లే. నోటి అంచున సన్నటి గాడి ఉంటుంది, అందులోని వెంట్రుకల్లాంటి అతిసూక్ష్మమైన శైలికలు ఆగకుండా ఊగుతూ నీళ్లను లోపలికి తోస్తుంటాయి. నోరు బిగించి ఆ నీళ్లను పట్టి ఉంచితే ఒళ్లు నిటారుగా నిలుస్తుంది, వదిలేస్తే కుంగిపోతుంది. తిండి లోపలికి వెళ్లేది ఆ నోట్లోంచే, అరగని పెంకులు బయటికొచ్చేదీ ఆ నోట్లోంచే. వేరే దారి లేదు. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో నవ్వు రాని సంవత్సరం లేదు.

వేట మొత్తం దంశకణాల మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కో కణంలో ఒక గుళిక, గుళికలో చుట్టచుట్టిన బోలు దారం. దేనికైనా తగలగానే గుళిక మూత తెరుచుకుని, చొక్కా చెయ్యి లోపలివైపు బయటికి తిరగేసినట్టు ఆ దారం తిరగబడుతూ దూసుకొస్తుంది. దీని బంధువైన హైడ్రాలో ఈ పనిని 2006లో హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. దారం మొదట్లో ఉండే ముల్లు పొడుచుకురావడానికి పట్టింది 700 నానోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతు కూడా కాదు. దారం వెంట విషం ఎక్కుతుంది, రొయ్యపిల్లో చిన్న చేపో కొయ్యబారిపోతుంది. ఆ తర్వాత స్పర్శకాలు ఒక్కొక్కటిగా వంగి దాన్ని నోటి దగ్గరికి చేరుస్తాయి.

ఒకసారి పేలిన గుళిక మళ్లీ పనికిరాదు, కొత్త కణం తయారవ్వాల్సిందే. అందుకని ఇష్టమొచ్చినట్టు పేల్చదు. ఉత్త తాకిడికి కొన్నే పేలతాయి, ఎర ఒంటి మీది రసాయనాల వాసన కూడా తోడైతే కణాలు ఇంకా తేలిగ్గా పేలతాయి. రాళ్ల మధ్య నీటి గుంటలో ఉన్నదానికి చిన్న గులకరాయి ఇచ్చి చూడండి, కాసేపు పట్టుకుని వదిలేస్తుంది. అదే రొయ్య ముక్క ఇస్తే వదలదు. కడుపు నిండి ఉన్నది ఆ రొయ్యనీ అంతగా పట్టించుకోదు. మెదడు లేకపోతేనేం, ఒళ్లంతా పరుచుకున్న నాడీ వల ఈ మాత్రం లెక్కలు వేయగలదు. కళ్లు లేకపోయినా చాలా జాతులు వెలుతురునీ పసిగడతాయి.

తీరం రాళ్ల మీద ఉండేవాటికి తిండి కన్నా పెద్ద టెన్షన్ నీళ్లు వెళ్లిపోవడం. మన తీరంలో రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి తగ్గుతుంది. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అప్పటిదాకా నీళ్లలో ఉన్న జీవి ఒక్కసారిగా కొన్ని గంటలపాటు మే నెల ఎండలో, కాలిపోయే రాయి మీద మిగిలిపోతుంది. పారిపోయే దారి లేదు. అప్పుడు ఏం చేస్తుందంటే స్పర్శకాలన్నీ లోపలికి లాక్కుని, పైనున్న కండర వలయాన్ని బిగించి, కడుపులో కొంచెం నీరు దాచుకుని ముద్దయిపోతుంది. కొన్ని జాతుల ఒంటి మీద జిగురు బొడిపెలుంటాయి, వాటికి ఇసుక రేణువులు, చిప్పల ముక్కలు అంటించుకుంటాయి. ఆ పొర వల్ల ఎండ వేడి తగ్గుతుంది, తడి తొందరగా ఆరదు. మొదటిసారి వచ్చిన పిల్లలు చాలామంది దాన్ని ఇసుక ముద్ద అనుకుని దాటి వెళ్లిపోతారు. "సార్, ఇది చచ్చిపోయిందా?" అనేది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. జోడుగుళ్లపాలెంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఆ ప్రశ్న విని, "సావలేదు బాబూ, నీరొత్తే ఇచ్చుకుంటాది, నీరెల్తే ముడుసుకుంటాది" అన్నాడు. నా పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో వచ్చేసింది.

నీళ్లు వెళ్లాక గుంటల్లో మిగిలిపోయినవాటి పని మరీ సుఖమేం కాదు. గుంట నీరు వేడెక్కుతుంది, ఆవిరై ఉప్పు పెరుగుతుంది, వానొస్తే ఒక్కసారిగా ఉప్పు తగ్గిపోతుంది. నడి సముద్రంలో ఉండే జీవికి ఇన్ని మార్పులు ఎదురుకావు. తీరం రాళ్ల మీద బతికే సీ అనిమోన్ నా దృష్టిలో చాలా మొండిది.

కదలదు అన్నారు గానీ, కదులుతుంది. అడుగు కండరాలను అలలుగా కదుపుతూ గంటకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. నీడ కోసమో, మంచి ప్రవాహం కోసమో, పక్కవాడి గొడవ పడలేకో జరుగుతుంది. అమెరికా పసిఫిక్ తీరంలో స్టాంఫియా అనే రకం ఇంకో అడుగు ముందుకేసింది. శత్రువైన ఒక నక్షత్ర చేప తాకగానే రాతిని వదిలేసి, ఒళ్లు అటూ ఇటూ విరుచుకుంటూ ఈది తప్పించుకుంటుంది.

పక్కవాడి గొడవ అన్నది ఊరికే అనలేదు. వీటిలో కొన్నిటికి స్పర్శకాల కింద ప్రత్యేకమైన బుడిపెలుంటాయి, అవి తిండి కోసం కాదు, కొట్లాట కోసమే. కాలిఫోర్నియా రాళ్ల మీద ఉండే ఒక రకంలో ఒకే జీవి నిలువునా రెండుగా చీలి, అవి మళ్లీ చీలి, వందలకొద్దీ ఒకే జన్యువులున్న గుంపుగా మారుతుంది. అలాంటి రెండు గుంపులు ఎదురైన చోట మధ్యలో ఎవరూ లేని ఖాళీ గీత మిగులుతుంది. ఆ గీతను దాటి తాకింది తమ గుంపు జీవి కాకపోతే అంచున ఉన్నవి బుడిపెలు ఉబ్బించి కొడతాయి, దెబ్బ తిన్నచోట కణజాలం చచ్చిపోతుంది. తమ గుంపు జీవిని మాత్రం ఏమీ చేయవు. లిస్‌బెత్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకురాలు 1973లో దీన్ని వివరంగా రాశారు. గట్టు తగాదాలు మనకే పరిమితం కావన్నమాట.

పిల్లల్ని కనే విషయంలో దీనికి ఒక పద్ధతంటూ లేదు. చీలడం ఒకటి. జరుగుతూ వెళ్లేటప్పుడు అడుగుభాగం ముక్కలు రాతి మీదే వదిలేస్తే ఒక్కో ముక్కా ఒక్కో కొత్త జీవిగా పెరగడం ఇంకొకటి. అండాలు, శుక్రకణాలు నీళ్లలోకి వదిలితే ప్లానులా లార్వాలు, అంటే నీళ్లలో తేలే బుల్లి పిల్లలు, తయారై కొట్టుకుపోయి ఎక్కడో రాతికి అతుక్కోవడం మరొకటి. యూరప్ తీరాల్లో ఉండే ఎర్రటి ఆక్టీనియా అయితే బుల్లి పిల్లల్ని కడుపులోనే పెంచి నోట్లోంచి బయటికి వదులుతుంది.

ఆ ఆక్టీనియాలోనే "గ్రానీ" అని పేరు పడ్డది ఒకటుంది. స్కాట్లాండ్‌లో నార్త్ బెర్విక్ దగ్గర 1828లో జాన్ డాల్యెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పట్టుకొచ్చి గాజు పాత్రలో సముద్రపు నీళ్లు పోసి పెంచాడు. ఆయన 1851లో పోయాడు, అది పోలేదు. చేతులు మారుతూ 1887 దాకా బతికింది. వందలాది పిల్లల్ని కన్నది. పట్టుకొచ్చేనాటికి దాని వయసెంతో తెలియదు కాబట్టి నికరంగా 59 ఏళ్ల పైమాటే. ముసలితనం లక్షణాలు పెద్దగా కనపడని జీవులివి. ఏదో ఒకటి తినేస్తేనో, నీళ్లు పాడైతేనో తప్ప తేలిగ్గా చావవు.

ఇప్పుడు చేప సంగతి. అండమాన్‌లో హావ్‌లాక్ దగ్గర, ఇప్పటి స్వరాజ్ ద్వీప్, డైవింగ్‌కి వెళ్లినప్పుడు చూశాను. అక్కడి పెద్ద సీ అనిమోన్ల స్పర్శకాల్లో క్లౌన్ చేపలు దొర్లుతున్నాయి, మనం దగ్గరికి వెళ్తే మాస్కు మీదికి దూకుతున్నాయి. వాటి ఒంటి మీది జిగట పొర వల్ల దంశకణాలు వాటి మీద పేలవు. చేపకి రక్షణ దొరుకుతుంది. అనిమోన్‌ని కొరకడానికొచ్చే సీతాకోక చేపల్ని క్లౌన్ చేప తరిమేస్తుంది, దీని విసర్జనలోని నత్రజని అనిమోన్ ఒంట్లో ఉండే శైవలాలకు, అంటే నాచులాంటి సూక్ష్మజీవులకు, ఎరువవుతుంది. ఆ శైవలాలు ఎండలో తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా అనిమోన్‌కి అందుతుంది. అందుకే ఇవి వెలుతురు తగిలే లోతుల్లోనే ఉంటాయి. ఒక అనిమోన్‌లో ఉండే క్లౌన్ చేపల గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడ చేప, దాని తర్వాతది మగది. ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడగా మారుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే శైవలాలు వెళ్లిపోయి పగడాల్లాగే అనిమోన్లూ తెల్లబడతాయి. అండమాన్ పగడాలు 2010లో, 2016లో అలా తెల్లబడ్డాయి.

సన్యాసి పీతలతో పొత్తు పెట్టుకునేవీ ఉన్నాయి. పీత మోసే శంఖం మీద అనిమోన్ కూర్చుంటుంది, పీత తిండిలో రాలిన తునకలు దీనికి, దీని దంశకణాల కాపలా పీతకి. ఇల్లు మారేటప్పుడు కొన్ని పీతలు పాత శంఖం మీది అనిమోన్‌ని కాళ్లతో తట్టి, ఊడొచ్చేలా చేసి కొత్త శంఖం మీద పెట్టుకుంటాయి.

చూడాలంటే విశాఖకి రండి. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట వైపు రాళ్లలో కనిపిస్తాయి. టైడ్ టేబుల్, అంటే పోటుపాట్ల సమయాల పట్టిక, ఫోన్లోనే దొరుకుతుంది. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో, లో టైడ్‌కి గంట ముందే చేరుకుని నీళ్లు తగ్గుతున్న కొద్దీ ముందుకు వెళ్లండి. రోజు మారితే సమయం దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకోండి. రాళ్లు నాచుతో జారతాయి, చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. కెరటాలకి వీపు పెట్టొద్దు, ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ముట్టుకోవడం గురించి. మామూలుగా మన రాళ్ల మీదివి వేలికి జిగురుగా అంటుకున్నట్టు అనిపిస్తాయి. అది గుళికలు పేలుతున్న గుర్తే, కాకపోతే వేలి చర్మం మందం కాబట్టి నొప్పి తెలియదు. మణికట్టు మీదో పెదవి మీదో అయితే తెలుస్తుంది. పెద్ద జాతుల్లో కొన్ని బొబ్బలెక్కిస్తాయి. పోయినసారి ఏమీ కాలేదు కదా అన్న ధీమా కూడా వద్దు. పారిస్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే శాస్త్రవేత్తలు కుక్కలకి సీ అనిమోన్ విషం కొద్దిగా ఎక్కించారు. తట్టుకున్నవాటికి కొన్ని వారాల తర్వాత మళ్లీ చిన్న మోతాదు ఇస్తే నిమిషాల్లో చచ్చిపోయాయి. 1902లో వాళ్లు దానికి పెట్టిన పేరే అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. ఇప్పుడు పల్లీ అలర్జీ దగ్గరా, తేనెటీగ కాటు దగ్గరా డాక్టర్లు వాడేది ఆ మాటే. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది.

ఇంకొకటి. ఆ రాళ్ల మీదే గుత్తులు గుత్తులుగా పరుచుకుని చిన్న అనిమోన్లలా కనిపించేవి ఉంటాయి, అవి జువాంథిడ్లు, వీటి చుట్టాలే. వాటిలో పాలిథోవా రకాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. చేతికి గాయం ఉంటే వాటి జోలికి అసలు వెళ్లొద్దు, ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకోవద్దు. దేనివల్లనైనా మంట పుడితే రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే చర్మం మీద మిగిలిన గుళికలు కూడా పేలే అవకాశం ఉంది. ఊపిరి ఆడనట్టున్నా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.