ఏఐ ఏజెంట్లకు డిజైన్ అప్పగించే ముందు

అల్లుడూ,

అనంతపురం చీనీ వేలానికి సాఫ్ట్‌వేర్ డిజైన్ అంతా ఏఐ ఏజెంట్లతోనే, అంటే చెప్పిన పనిని అడుగులుగా తామే చేసుకుపోయే ప్రోగ్రాములతోనే, చేయించాలని ఉందన్నావు. చేయించు. కానీ "వేలానికి సిస్టమ్ డిజైన్ చెయ్యి" అని ఒక్క ముక్క చెప్పి వదిలితే ఏజెంట్ పది మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు), కాఫ్కా, కుబెర్నెటిస్ లాంటి భారీ వ్యవస్థలకు పనికొచ్చే సరంజామా తెచ్చి ముందర పోస్తుంది. లెక్క నువ్వే వెయ్యి. రోజుకు 1,000 కుప్పలు, కుప్పకు 10 పాటలు అనుకుందాం. ఆ 10,000 పాటలూ రెండు గంటల్లోనే పడినా సెకనుకు ఒకటిన్నర లోపే. ఒక సర్వర్, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు. ఏజెంట్‌కు నువ్విచ్చే పత్రం మొదటి పేజీలో ఈ అంకెలుండాలి.

రెండో పేజీ యార్డులో నిలబడి రాయాల్సింది. సూటు (తూకంలో తరుగు) కింద టన్నుకు ఎన్ని కిలోలు తీస్తారు, హమాలీ ఎవరి ఖాతాలో పడుతుంది, పాట ఖరారయ్యాక కాయ బాగలేదని ధర తెగ్గోస్తే ఏం చేయాలి, రైతు చేతికి డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది. ఇవేవీ ఏజెంట్ వెనకుండే ఏఐ మోడల్‌కు తెలియవు. తెలియదని ఒప్పుకోదు కూడా, నమ్మేలా ఏదో ఒకటి రాసేస్తుంది. అందుకే "తెలియని చోట ఊహించొద్దు, ప్రశ్నగా రాసిపెట్టు" అని ముందే చెప్పు. ఆ ప్రశ్నల చిట్టా గీసిన బొమ్మలకన్నా పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను మాడ్యూళ్లుగా, అంటే విడి భాగాలుగా, విడగొట్టే దగ్గర మాత్రం ఏజెంట్‌ను నమ్మకు. పని జరిగే వరసనే పట్టుకుంటుంది: బండి రాక, వేలం, తూకం, చెల్లింపు. అలా వరసను బట్టి కాదు, మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక మాడ్యూల్‌లో దాచిపెట్టి విడగొట్టమని 1972లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ చెప్పాడు. సూటు, కమీషన్, హమాలీ రేట్లు రేపు మారతాయి. అవి నాలుగు చోట్ల చెదిరివుంటే కొత్త జీవో వచ్చిన రోజు నాలుగూ దిద్దాలి, మూడే దిద్దుతావు. కోతల లెక్కంతా ఒకే చోట ఉండేలా గీత నువ్వే గియ్యి.

ఆ తర్వాత ఒక ఏజెంట్ చేత రెండు మూడు డిజైన్లు రాయించు. తప్పులు పట్టడానికి ఇంకోదాన్ని కొత్త సెషన్‌లో, వీలైతే వేరే మోడల్‌తో తెరువు. మొదటిదాని వాదన దానికి చూపించకు, పత్రం మాత్రమే ఇవ్వు. "బాగుందా?" అంటే బాగుందనే అంటుంది. "చెల్లింపు పంపాక నెట్ పోయి, గుమాస్తా మళ్లీ నొక్కితే రైతుకు రెండుసార్లు డబ్బు పడుతుందా?" అని అడుగు. ప్రతి చెల్లింపుకూ ముందే ఒక నంబరు ఇచ్చి, అది రెండోసారి చేరకుండా డేటాబేస్‌లోనే యునీక్ షరతు పెట్టారో లేదో అక్కడ తేలుతుంది.

ఏజెంట్ ఒక్కో అడుగు నూటికి 95 సార్లు సరిగ్గా వేసేదైనా, 20 అడుగులు ఆపకుండా వదిలితే తప్పు లేకుండా చివరికి చేరేది దాదాపు 36 సార్లే. మూడు నాలుగు అడుగులకోసారి ఆపి చూడు. ఏం తేల్చాం, ఏది వద్దన్నాం, ఎందుకు అన్నది అర పేజీలో రాయించి రిపోలో (కోడ్ దాచే చోట) పెట్టు. సంభాషణ పొడుగయ్యేకొద్దీ నిన్నటి నిర్ణయాన్ని అదే తిప్పేస్తుంది.

కాగితం మీద కుదిరాక ఒక్క కుప్పను రాక నుంచి చెల్లింపు దాకా నడిపే కోడ్ రాయించు. పని వేరే బ్రాంచ్‌లో (అసలు కోడ్‌కు విడి ప్రతిలో), కంటైనర్ లోపల (మిగతా కంప్యూటర్‌కు తగలని గదిలాంటి చోట) జరగాలి. అసలు సర్వర్ తాళాలు, బ్యాంకు కీలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఖర్చుకు హద్దు పెట్టు. కోడ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే టెస్టుల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచు, లేకుంటే పాస్ కాని టెస్టునే దిద్ది పని అయిపోయిందంటుంది.

ఇట్లు,
మీ మామ