ఆన్‌లైన్‌లో స్పీకర్లు అమ్ముతానన్న బిడ్డకు

బిడ్డా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పాత హైఫై స్పీకర్లు కొని, బాగుచేసి, ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెడుతున్నావట. మంచి నౌకరీ ఉండగా దీనికి ఈ తిప్పలెందుకు, నువ్వన్నా చెప్పు బావా అని ఆమె బాధ. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. సంబురమైంది. ప్రకాశం బజార్లో మన మడిగెకు బడి నుంచి నేరుగా వచ్చి స్టూలు ఎక్కి కూర్చునేదానివి. నేను సోల్డర్ పెడుతుంటే ఆ పొగ వాసన బాగుందని ముక్కు దగ్గరికి తెచ్చేదానివి, ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. మడిగె మూసినప్పుడు ఇక ఈ పని మన ఇంట్లో ఎవరూ ముట్టరనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంబురంతో కొంత, ఫికరుతో ఎక్కువ. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయనా, సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, రెండుసార్లు చదువు.

ముందు నా భయం చెప్పేస్తాను. స్పీకర్లు వినకుండా ఎవరూ కొనరు, కొనగూడదు కూడా. వినిపించాలంటే కరెంటు కావాలి, యాంప్లిఫైయర్ కావాలి, అంటే ముక్కూ మొహం తెలియని మనిషి నీ గదికి రావాలి. వద్దు బిడ్డా. ఉప్పల్‌లో మీ బిల్డింగ్ కింద, వాచ్‌మన్ గది పక్కన పార్కింగ్‌లో ప్లగ్ ఉంది, మొన్న వచ్చినప్పుడు చూశాను. అక్కడ బల్ల వేసి వినిపించు. పగటిపూట, నీ దోస్తు పక్కన ఉండగా, వాచ్‌మన్‌కు చెప్పి. ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదింటికి వస్తానంటే ఆదివారం పొద్దున రమ్మను. గిరాకీ పోతే పోనీ, ఇంకొకరు వస్తారు.

పైసల సంగతి కూడా అంతే గట్టిగా ఉండు. మనకు పైసలు రావడానికి పిన్ కొట్టే పని లేదు, ఎవరో పంపిన క్యూఆర్ స్కాన్ చేసే పనీ లేదు. పిన్ కొట్టావంటే పోయేది మన పైసలే. మిలిటరీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, చూడకుండానే కొంటాను, మా మనిషి వచ్చి తీసుకుపోతాడు అని తియ్యగా మాట్లాడితే అక్కడే కట్ చెయ్యి, సిపాయిల పేరు వాడుకుని ఇట్లా దోచుకునే ముఠాలు దేశమంతా ఉన్నాయి. పైసలు పంపానని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకు, నీ బ్యాంకు యాప్‌లో నీ కళ్లతో చూశాకే స్పీకర్ల వైర్లు విప్పు. ఒకవేళ ఏమన్నా జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి. ఆ తర్వాత నాకు చెయ్యి, ఏమీ అనను.

ఇక పని గురించి. ఫోటోలు పగటి వెలుతురులో తియ్యి, వెనక లేబులూ సీరియల్ నంబరూ గీతలూ అన్నీ కనబడాలి. ఇంతకంటే నీకు నేను చెప్పేదేముంది, ఫోటోలు నాకంటే నీకే బాగా వచ్చు.

కొనేటప్పుడు మాత్రం డబ్బా ముందున్న జాలీ బట్ట తీసి, వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉన్న అంచు చూడకుండా పైసలు తియ్యకు. రబ్బరు అంచైతే చాలా ఏళ్లు ఆగుతుంది. ఫోమ్ అయితే మన ఎండలకూ తేమకూ పది పదిహేనేళ్లలో పొడి అయిపోతుంది, వేలితో తాకితే బెల్లం పాకం ఎండినట్టు చిట్లి రాలుతుంది. అది చూసి భయపడాల్సిన పని లేదు, బేరం తగ్గించుకోవాలి. కొత్త అంచు వెయ్యొచ్చు, ఎట్లాగో నీకు చూపించాను కదా, పాత జిగురు ఒక్క రవ్వ కూడా మిగలకుండా తుడవడంలోనే సగం పని ఉంది. తొందరపడి అంటించి గంటకే పాట పెడతావు నువ్వు, నాకు తెలుసు. ఒక రోజంతా ఆరనియ్యి. ఆరాక రెండు బొటనవేళ్లు మధ్యలో ఊగే కోన్‌కు రెండు దిక్కులా ఆనించి మెల్లగా లోపలికి నొక్కు. మెత్తగా పోయి మెత్తగా రావాలి. ఇసుక మీద చెప్పు రాసుకున్నట్టు గరగరమంటే లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, రాసుకుంటోంది, మళ్లీ విప్పాల్సిందే.

పెన్సిల్ సెల్లు ఒకటి ఎప్పుడూ సంచిలో పెట్టుకో. సెల్లు ప్లస్సు స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్సు నల్లదానికి ఒక్క క్షణం తాకించు. కోన్ ముందుకు దుంకితే సరైన వైరింగు. ఒకటి ముందుకు, రెండోది వెనక్కు పోతే లోపల ఎవరో వైర్లు తారుమారు చేశారన్నట్టు. అట్లా రెండూ ఎదురెదురుగా పనిచేస్తే బేస్ మాయమైపోతుంది, కొన్నవాడు స్పీకర్లలో దమ్ము లేదని తిరిగి తెస్తాడు. ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే లెక్క) కొలిచే మీటర్ పెడితే 8 ఓమ్స్ అని రాసి ఉన్నదాని మీద 6 దగ్గర చూపిస్తుంది, అది తప్పు కాదు, 4 ఓమ్స్‌ది 3 పైచిలుకు చూపిస్తుంది. ఒక్క మాట మాత్రం గుండెలో రాసుకో. వెనక టెర్మినళ్ల మీద మీటర్ పెడితే వూఫర్ సంగతే తెలుస్తుంది. సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ ముందు, మీటర్ కరెంటును ఆపేసే కెపాసిటర్ ఉంటుంది గనుక అది చచ్చిపోయినా మీటర్‌కు ఏమీ కనబడదు. ట్వీటర్‌ను విప్పి దాని మీదే చూడాలి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీ బాపుకు కూడా తెలియదు.

1998 దసరా ముందు సంగతి. నువ్వింకా పుట్టలేదు. హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర ఒక జత కొన్నాను. టేకు రంగు డబ్బాలు, ఎనిమిది అంగుళాల వూఫర్లు, చూస్తే చూపు తిప్పుకోలేం. మడిగెకు తెచ్చి కలిపితే ఎడమదాని ట్వీటర్ పలకలేదు. విప్పి మీటర్ పెట్టాను, ముల్లు కదల్లేదు. లోపల తీగ తెగింది. అట్లాంటిది నల్లగొండలో దొరకదు, కోఠి గుజరాతీ గల్లీకి పోవాలి. ఇటు మడిగె కిరాయి రెండు నెలలది బాకీ, పండుగ నెత్తి మీద ఉంది. ట్వీటర్‌ను మళ్లీ దాని జాగాలో పెట్టి స్క్రూలు బిగించేశాను.

దేవరకొండ దిక్కు నుంచి ఒక లెక్కల సారు మన మడిగెకు వస్తుండేవారు. పాటలంటే ప్రాణం, పాత క్యాసెట్లన్నీ నంబర్లు వేసి బీరువాలో పెట్టుకునే మనిషి. ఆయన వచ్చి వినిపించమన్నారు. నేను రెండు డబ్బాలనూ ఒకదానికొకటి ఆనించి బల్ల మీద పెట్టాను. అట్లా పెడితే కుడిదాని ట్వీటర్ శబ్దమే రెండింట్లోంచీ వస్తున్నట్టు అనిపిస్తుంది. ట్రెబుల్ కొంచెం పెంచాను. బయట బజారు రద్దీ ఎట్లాగూ ఉంది. సారు తల ఊపుతూ విన్నారు. 3,200 లెక్కపెట్టి ఇచ్చారు, ఒక్క రూపాయి బేరం చెయ్యలేదు. "నువ్వు చూసిచ్చినవంటే ఇగ నాకు చూసే పని లేదు" అన్నారు.

ఇంట్లో గోడకు ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టుకున్నారు. పదిహేను రోజులకు మడిగెకు వచ్చారు. "ఎడమ దిక్కు ఎవరో దుప్పటి కప్పుకొని పాడినట్టున్నది, పాటల గజ్జెలు ఒక్క దిక్కే వినవస్తున్నయి" అన్నారు. గోడకు మరీ దగ్గరగా పెట్టారేమో సార్ అన్నాను. ఆయన ఇంటికి పోయి మంచం జరిపారు, బీరువా జరిపారు, మళ్లీ వచ్చారు. అప్పుడు కూడా ఏదో చెప్పి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు ఏమన్నానో తెలుసా? "వయసు మీద పడుతుంటే సన్నటి శబ్దాలు తగ్గుతయి సార్, అందరికీ అయ్యేదే." అది అబద్ధం కాదు, వయసుతో చెవికి ముందు దూరమయ్యేవి ఆ పై శబ్దాలే. నిజమైన మాటనే అడ్డం పెట్టుకుని మోసం చేశాను. ఆయన ఏమీ అనలేదు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయారు.

తర్వాత రెండు నెలలు రాలేదు. గండం గడిచిందనుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం బస్టాండు నుంచి రిక్షాలో ఎడమ డబ్బా పెట్టుకుని వచ్చారు. దించి, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి కౌంటర్ మీద పరిచారు. కోఠిలో చెవి ముక్కు గొంతు దవాఖానకు పోయి పరీక్ష చేయించుకున్నారట. ఆ కాగితం మీద రెండు గీతలు, ఒకటి కుడి చెవిది, ఒకటి ఎడమ చెవిది, రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి. చెవులు బాగున్నాయని డాక్టర్ చెప్పాక ఇంటికి పోయి ఎడమ డబ్బా కుడికి, కుడి డబ్బా ఎడమకు మార్చి చూశారు. దుప్పటి కూడా డబ్బా వెంటే పోయింది. "ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని, పిల్లగాళ్లకు చెప్పేటోన్ని నాకు తోచకపాయె. నువ్వు చెప్పినవు గదా అని నా చెవులనే అనుమానించిన" అన్నారు. గట్టిగా కూడా అనలేదు బిడ్డా. తిట్టినా బాగుండేది.

పైసలు వాపస్ ఇస్తానంటే తీసుకోలేదు, సరిచేసి ఇయ్యి చాలన్నారు. మరునాడే గుజరాతీ గల్లీకి పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, రెండు దిక్కులా ఒక్క తీరు పలకాలని ట్వీటర్ల జతే కొని, దేవరకొండ బస్సెక్కి వాళ్లింటికి పోయి నేనే బిగించాను. వాళ్ల ఇంటామె చాయ్ ఇచ్చింది. సారు అదే క్యాసెట్ పెట్టారు. గజ్జెలు రెండు దిక్కులా మోగాయి. "ఇప్పుడు మంచిగున్నదా సార్?" అని అడిగాను. ఆయన నా వైపు చూసి "నువ్వే విని చెప్పు" అన్నారు. పరీక్ష కాగితం చేతికి వచ్చాక కూడా ఆయనకు తన చెవి మీద నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ తర్వాత మడిగెకు ఎప్పుడూ రాలేదు, ఆయన పంపే సార్లు కూడా రాలేదు. గిరాకీ పోయినందుకు నాకు బాధ లేదు. చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన మాటకు ఏం చెప్పాలో తెలియక నిలబడ్డ ఆ నిమిషమే ఇన్నేళ్లయినా కళ్లముందు ఉంటుంది.

కాబట్టి నువ్వు ఏ జత అమ్మినా మొదట రెండింటినీ గదికి చెరో చివర పెట్టి విను, బ్యాలెన్స్ ఒక్కో దిక్కుకు తిప్పి విను, తర్వాత డబ్బాలు తారుమారు చేసి విను. లోపం ఏదన్నా ఉంటే ధర కంటే ముందు అదే రాయి. అంచు కొత్తగా వేశావా, రాయి. ట్వీటర్ అదే కంపెనీది కాదా, రాయి. కొనడానికి వచ్చినవాడు వినకముందే నువ్వే వేలుపెట్టి చూపించు. కొన్నాక ఫోన్ చేసి శబ్దం తేడాగా ఉందంటే "మీ గది అట్లాంటిది" అన్న మాట నీ నోట రాగూడదు, ముందు డబ్బాలు మార్చి చూడమని చెప్పు.

ధర గురించి ఒక్క మాట. నాలుగు వేలకు కొని పద్నాలుగు వేలు చెబుదామనుకుంటున్నావని మీ అమ్మ అంది. నీ పనికి పైసలు తీసుకో, సిగ్గుపడకు, కానీ అదే మోడల్ వేరేవాళ్లు ఎంతకు పెట్టారో చూడు, ఎన్నాళ్లుగా అమ్ముడుపోక పడి ఉన్నాయో కూడా చూడు. వాట్స్ ఎన్ని అని ప్రతివాడూ అడుగుతాడు. పాత సెట్ల మీద పీఎంపీఓ అని, క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో, వేలల్లో రాసుంటుంది, దాన్ని పట్టుకుని మాట్లాడకు, ఆగకుండా తట్టుకునే పవర్, అంటే ఆర్ఎంఎస్, చెప్పు, ఓమ్స్ చెప్పు, వాళ్ల యాంప్లిఫైయర్ ఏదో నువ్వే అడుగు. ఒకే పవర్‌కు 87 డెసిబెల్స్ పలికే స్పీకరు 90 పలికేదానంత గట్టిగా పలకాలంటే రెండింతల పవర్ కావాలని ఓపిగ్గా వివరించు. ఎనిమిది ఓమ్స్‌కే తట్టుకునే యాంప్లిఫైయర్ ఉన్నవాడికి నాలుగు ఓమ్స్‌వి అంటగట్టకు, వేడెక్కి కాలిపోతుంది.

దూరం పంపాల్సి వస్తే ఒక్కో స్పీకరు ఒక్కో డబ్బాలో, చుట్టూ రెండంగుళాల థర్మాకోల్, దాని మీద ఇంకో డబ్బా. మూలలు పైలం, దెబ్బ తగిలేది అక్కడే. ప్యాక్ చేసే ముందు సీరియల్ నంబరు కనబడేట్టు వీడియో తీసిపెట్టుకో. ఆర్టీసీ కార్గోలో వేస్తే రసీదు జాగ్రత్త.

ఇంకొకటి అడగాలి. నాకిప్పుడు అరవై ఆరు. గజ్జెల శబ్దం నాకూ తగ్గింది, ఇది మాత్రం నిజంగానే వయసు. అందుకని నువ్వు మొదట చేసిన జతను నేను విని బాగుందన్నాను గదా అని నమ్మకు. ట్వీటర్ల సంగతి నీ చెవితోనే తేల్చుకో. నేను వూఫర్లు చూస్తాను, నొక్కితే వేళ్లకు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ఆ జతను తీసుకుని రా. నువ్వు వాడే ఆ జిగురు ట్యూబు కూడా ఒకటి తే, ఇక్కడ దొరకడం లేదు. పొద్దున బస్సుకే బయలుదేరు, చివరి బస్సు వద్దు, నార్కట్‌పల్లి దాటగానే ఫోన్ చెయ్యి, బస్టాండు దగ్గర నేనుంటాను. బరువు నువ్వు మొయ్యకు.

మీ పెద్దనాయన
నల్లగొండ