మడత పెట్టె గురించి అల్లుడికి ఉత్తరం

పొదలకూరు

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నువ్వు ఫోన్‌లో పంపిన మామిడికాయల మడత పెట్టె బొమ్మ చూశాను. బొమ్మ బాగా గీశావు. పైన మూత, పక్కన తాడు పిడులు, మూలలకు ఇనప పట్టీలు అన్నీ పెట్టావు. మడిస్తే ఎంత మందం వస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ పనిలో ముందు వేసుకోవాల్సిన లెక్క అదేరా. కాయలతో ఉలవపాడు నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పోయే పెట్టె కిరాయి కాయల ధరలో కలిసిపోతుంది. ఖాళీ పెట్టె తిరిగొచ్చే కిరాయి ఎవరూ ఇవ్వరు, నీ జేబులోంచే పోవాలి. అందుకని మామిడికాయను పక్కన పెట్టి, ఖాళీగా తిరిగొచ్చే పెట్టెను కళ్ళ ముందు ఉంచుకుని గీయి.

నీ బొమ్మనే లెక్కేద్దాం. అంతటా అంగుళం పలక వేశావు. అడుగు పలక ఒక అంగుళం, దాని కింద అడ్డకర్రలు ఒక అంగుళం, మడిచిన పొట్టి గోడలు ఒక అంగుళం, వాటి మీద పడే పొడుగు గోడలు ఇంకో అంగుళం. మొత్తం 4. నిలబెడితే 10. అంటే ఒక పెట్టె చోట రెండున్నర పెట్టెలు. ఈ మాత్రం దానికి ఇన్ని బందులు, ఇంత వడ్రంగం పని దేనికి? పైగా అంగుళం పలకతో ఖాళీ పెట్టే బాగా బరువొస్తుంది.

ఇంకో మాట ముందే చెప్తాను, నచ్చకపోయినా విను. ఒంగోలుకో, విజయవాడకో తోలేటట్టయితే చెక్క పెట్టె వద్దు. ప్లాస్టిక్ ట్రేలు తేలిక, నీళ్ళు కొడితే శుభ్రమవుతాయి, అదే బండిలో అదే రోజు వెనక్కి వస్తాయి. చెక్క పెట్టెకు ఉన్న గొప్ప ఏంటంటే, విరిగిన బద్ద మీ ఊళ్ళో వడ్రంగే మారుస్తాడు. విరిగిన ప్లాస్టిక్ ట్రేను పాత సామాన్లకు వెయ్యడమే. దూరం వెళ్ళి, ఆలస్యంగా తిరిగొచ్చి, దారిలో దెబ్బలు తినే పెట్టె అయితేనే నేను చెప్పేది పనికొస్తుంది. ఇంకోటి, చెక్క కదా అని ఊరికే తగలేసే లెక్క కాదు. హిమాచల్‌లో ఆపిల్ పెట్టెల కోసం అడవి కలప బాగా పోతోందని అట్టపెట్టెలకు మారారు. కాశ్మీర్ వాళ్ళకు పొలాల గట్లమీద పాప్లర్ చెట్లున్నాయి కాబట్టి ఇంకా చెక్క పెట్టెలు నడుస్తున్నాయి. మనకు అలాంటి చెట్టు లేదు. చేసిన పెట్టె పదే పదే తిరగాలి, అప్పుడే గిట్టుబాటు.

ఇక కొలత. బయటి కొలత పొడుగు 24, వెడల్పు 16 అంగుళాలు పెట్టు. ఇది నా సొంత తెలివి కాదు. గోడౌన్లలో సరుకు పేర్చే 48 బై 40 అంగుళాల చెక్క పీట, అదే పాలెట్, దాని మీద ఈ కొలత పెట్టెలు వరసకు సరిగ్గా 5 పడతాయి, చోటు మిగలదు. లోపలి ఎత్తు 8 అంగుళాలు. ఎక్కువ కాయలు పడతాయి కదా అని 10 పెడతానంటావు. వద్దు. బంగినపల్లి రెండు వరసలకు మించి పేరిస్తే కింది వరసకు నలుగుడు తప్పదు. మడతకు కూడా ఈ ఎత్తే కావాలి. ఎందుకో చెప్తాను.

గోడలన్నీ అరంగుళం బద్దలతోనే చెయ్యి. అడుగు కూడా అరంగుళమే, దాని కింద అడ్డంగా మూడు అడ్డకర్రలు, అవీ అరంగుళమే. పొట్టి గోడల్ని అడుగు పలక మీదనే నిలబెట్టు. లోపలికి వాలిస్తే రెండూ అడుగు మీద పక్కపక్కన పడుకోవాలి. 8, 8 కలిపితే 16, లోపల పొడుగు అంతకన్నా ఎక్కువ కాబట్టి ఇబ్బంది లేదు. పొట్టి గోడల బద్దల్ని కలిపే నిలువు పట్టీలు బయటి వైపు కొట్టు. అప్పుడు కాయకు తగలవు, మడిచినప్పుడు పైకి తేలతాయి. గోడ అరంగుళం, పట్టీ అరంగుళం, మొత్తం అంగుళం.

పొడుగు గోడలు ఈ అంగుళం పైన పడుకోవాలి. అందుకని వాటిని అడుగు మీద నిలబెట్టకూడదు. పొడుగు వైపు రెండు అంచుల్లో అంగుళం ఎత్తున అంచుపట్టీ బిగించి, దాని మీద నిలబెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. నాలుగు గోడలకూ బందులు ఒకే ఎత్తులో పెడతారు, రెండో జత సగంలో ఆగిపోతుంది, బలవంతంగా తొక్కితే బందు ఊడొస్తుంది. అంచుపట్టీ అంగుళం పోతే పొడుగు గోడ ఎత్తు 7. రెండూ కలిపి 14. లోపలి వెడల్పు 15. పక్కపక్కన హాయిగా పడుకుంటాయి. లోపలి ఎత్తు 10 పెట్టి ఉంటే గోడ 9 అయ్యేది, రెండూ కలిస్తే 18, ఒకదాని మీద ఒకటి ఎక్కేది. అప్పుడు ఒక వైపు అంచుపట్టీ ఇంకో అరంగుళం లేపాలి, రెండు గోడలూ రెండు కొలతల్లో కొయ్యాలి. మేస్త్రి తికమకపడతాడు, విరిగినప్పుడు మార్చే బద్ద కూడా ఒకటి కాబోయి ఇంకొకటి అవుతుంది.

ఇప్పుడు లెక్క చూడు. అడ్డకర్రలతో కలిపి అడుగు పలక అంగుళం, పొట్టి గోడలు అంగుళం, పొడుగు గోడలు అరంగుళం. మడిస్తే రెండున్నర, నిలబెడితే 9. ఒక పెట్టె చోట మూడున్నరకు పైనే పడతాయి.

మూలల సంగతి జాగ్రత్తగా చదువు. పొడుగు గోడల లోపలి ముఖానికి, రెండు చివరల్లో, అంగుళం చదరం మూలకర్ర బిగించు. పొట్టి గోడను లోపలి నుంచి లేపితే అది వచ్చి మూలకర్రకు ఆనుకుని ఆగాలి. కాయలు బయటికి తోస్తే ఆ తోపుడంతా మూలకర్ర మీద పడుతుంది, గడియ మీద పడదు. మరి మడిచినప్పుడు మూలకర్ర అడ్డం రాదా అంటావు. రాదు. పొట్టి గోడ బందుకు బయటి వైపు అంగుళం ఖాళీ ఉంటుంది కదా, మూలకర్ర సరిగ్గా అందులోకి దిగుతుంది. దాని కింది కొసను మాత్రం ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తగ్గించి కొయ్యి, లేకపోతే అంచుపట్టీకి రాసుకుంటుంది. పొడుగు గోడలు పైన బయటికి విచ్చుకోకుండా ప్రతి మూలలో ఒక కొక్కెం చాలు, కిటికీలకు పెట్టే రకం. ఊడి పడిపోయే చీలలు, విడి కడ్డీలు పెట్టకు. విడిగా ఉన్న ఏ ముక్కా రెండోసారి మీ ఊరు తిరిగి రాదు.

ఇక బందులు. అరంగుళం బద్ద మందంలోకి స్క్రూ దింపితే చీలుతుంది. బందు రెక్కలు గోడ లోపలి ముఖానికే రావాలి. నేనైతే ఇనప బందులు అసలు వద్దంటాను. నిమ్మకాయ పులుపుకు ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మా పొదలకూరులో చూస్తూనే ఉంటాం. నీది మామిడే అయినా, రేపు ఎవరో అదే పెట్టెలో నిమ్మకాయలు పోస్తారు. లారీల్లో సరుకు బిగించే నైలాన్ పట్టాను ముక్కలు కోసి, కొసలు పీచు లేవకుండా వేడి చేసి, వాషర్లు వేసి గోడ అవతలి దాకా రివిట్ కొట్టించు. మెత్తగా ఉంటుంది, కాయకు గుచ్చుకోదు, తుప్పు లేదు, తెగితే ఎవరైనా మారుస్తారు. బరువు పట్టా మీద పడకూడదు. గోడ అంచు అంచుపట్టీ మీద చెక్కకు చెక్కగా కూర్చోవాలి. పట్టా పని గోడను పట్టి ఉంచడం వరకే.

మూత తీసెయ్. మూతతో బరువు, ఖర్చు, మడతలో ఇంకో అరంగుళం. దాని మీద పేర్చే ఇంకో పెట్టే దీనికి మూత. అందుకే అడ్డకర్రల్ని 15 అంగుళాలకు కాస్త తక్కువ కోయమంటున్నాను, అవి కింది పెట్టె గోడల మధ్యకు దిగి కూర్చుంటాయి, పేర్చిన వరస బ్రేకు కొట్టినా జారదు. కాయలు మాత్రం పై అంచుకు అంగుళం కిందనే ఆగాలి. అంచు దాటి నింపారంటే పై పెట్టెల బరువంతా కాయలే మోస్తాయి, అప్పుడు ఇంత పెట్టె చేసీ దండగే.

కలప విషయంలో నీ వడ్రంగి జామాయిల్ అంటాడు, చవక కాబట్టి. వంకర తిరుగుతుంది, కొసల్లో పగులుతుంది, మేకు కొడితే చీలుతుంది. సరుగుడు గుంజలకు బాగుంటుంది, పలకకు కాదు. కాపు ఉడిగిన ముసలి మామిడి చెట్టు కలపే మనకు సరైనది. పెట్టె చెక్కకు కావాల్సినంత గట్టి, మేకు పట్టుకుంటుంది, తోటలవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. దానికి పురుగు పడుతుంది, తడిగా వదిలేస్తే నల్ల మచ్చ వస్తుంది. కోయించిన వెంటనే బద్దల్ని నీడన, మధ్య మధ్యలో పుల్లలు పెట్టి గాలాడేలా పేర్చు, పైన బరువు పెట్టు. పచ్చి కలపతో పెట్టె చేస్తే మే నెల ఎండకు బద్దలు ముడుచుకుని రివిట్లు వదులవుతాయి. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళను అడుగు, ఆరని కట్టె ముట్టుకుంటారేమో. పురుగు పడుతుందని చెదల మందు మాత్రం పుయ్యొద్దు, తినే కాయలు పెట్టేది అందులో. కృష్ణపట్నం వైపు పాత పాలెట్ల చెక్క దొరికితే తీసుకోవచ్చు, ముద్ర చూసి తీసుకో. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, దాన్ని వదిలెయ్. నూనె మరకలు, మందుల వాసన ఉన్నదీ వదిలెయ్.

బద్దలు అన్ని గోడలకూ అడ్డంగానే రావాలి, నిలువుగా కాదు. చెక్క తడికి వెడల్పులో ఉబ్బుతుంది గానీ పొడుగులో దాదాపు పెరగదు. పొట్టి గోడ వెడల్పు బద్ద పొడుగులో ఉంటే వానాకాలంలో కూడా రెండు పొడుగు గోడల మధ్య పట్టెయ్యదు. ఎత్తులో వచ్చే ఉబ్బు బద్దల మధ్య సందుల్లో సర్దుకుంటుంది. ఆ సందులు అరంగుళం ఉంచు, గాలికి అవే దారి. లోపలి వైపు చిత్రిక పట్టించి అంచుల పదును తీయించు. బయటి వైపు గరుకుగా ఉన్నా పర్వాలేదు, అక్కడ కూలి తగ్గించుకో. మేకు కొట్టేముందు మొనను సుత్తితో కాస్త మొద్దు చేస్తే చెక్క చీలదు. అవతలికి వచ్చిన మొనను వంచి కొట్టాలి, అదీ బయటి వైపే.

విదేశాలకు పంపుతానని అన్నావు కదా, అది వేరే కథ. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి ఆగకుండా 30 నిమిషాలు తగలాలి, అనుమతి ఉన్నవాళ్ళు గోధుమ కంకి ముద్ర వెయ్యాలి. ఊళ్ళో వడ్రంగి ముద్ర వెయ్యలేడు. ప్లైవుడ్‌కు ఈ నియమం లేదు. ఎగుమతి వచ్చినప్పుడు ప్లైవుడ్‌తోనో అట్టపెట్టెతోనో పంపు, ఈ మడత పెట్టె మన దేశంలో తిరగనీ.

ముందు రెండే చేయించు. ఒకదాంట్లో ఇసుక సంచులు వేసి, నడుము ఎత్తు నుంచి మూల మీద పడేలా వదులు. కొక్కెం ఊడిందా, మూలకర్ర కదిలిందా చూడు. రెండోదాన్ని రాత్రంతా తడి గోనె కింద ఉంచి పొద్దున మడిచి చూడు. ఆ తర్వాత ఈ పెట్టె ఎన్నడూ చూడని హమాలీ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా మడవమను. అతను ఆగి ఎక్కడ ఆలోచిస్తాడో అక్కడ నీ పని మిగిలి ఉంది. పొట్టి గోడల పై అంచుకు ఎర్ర రంగు పూస్తే ముందు వాల్చాల్సింది ఏదో తెలుస్తుంది. కాగితం మీద రాసిచ్చే సూచనలు తెల్లవారుజామున మార్కెట్లో ఎవరూ చదవరు.

మండీవాళ్ళతో డిపాజిట్ మాట ముందే తేల్చుకో. మొహమాటపడి మొదటి లోడు ఊరికే ఇచ్చావంటే పెట్టెలు అక్కడే కూరగాయల బల్లలవుతాయి. పెట్టె పెట్టెకూ కాల్చిన ఇనుముతో అంకె వెయ్యి, రంగుతో రాస్తే చెరిపేస్తారు. పోయినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని అని ఒక నోటు పుస్తకంలో రాయి. తిరిగొచ్చే పెట్టెలు తెచ్చేది ఏ బండి, డ్రైవరుకు ఎంత ఇవ్వాలి అనేది కూడా లోడు ఎక్కేముందే మాట్లాడుకో.

బద్దలు కోయించే ముందు నీ లారీ తొట్టి లోపలి కొలత టేపు పెట్టి చూసి నాకు ఫోన్ చెయ్యి. తొట్టి వెడల్పులో 24 వైపు పెట్టాలా, 16 వైపు పెట్టాలా అనేది అది తెలిస్తే గానీ చెప్పలేను. వారం దాకా ఇంట్లోనే ఉంటాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామ