చారల పైజమా తర్వాత ఏం చదివించాలి?

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజమాస్' చదివి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అయినా హోలోకాస్ట్ (హిట్లర్ నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఘోరం) కథలు ఇంకా కావాలంటోంది. ఇవ్వొచ్చా? తొమ్మిదేళ్ల తమ్ముడూ పక్కన చేరుతున్నాడు.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: తప్పకుండా ఇవ్వండమ్మా. ముందు ఆ నవల గురించి రెండు మాటలు పాపకు చెప్పండి. ఔష్విట్జ్ అంటే నాజీలు యూదులను బంధించి చంపిన శిబిరం. దాని కంచెలో కరెంటు పారేది, చుట్టూ తుపాకుల కాపలా. నవలలోలాగా శిబిరం అధికారి (కమాండెంట్) కొడుకూ, లోపలి యూదు పిల్లాడూ దానికి అటూ ఇటూ కూర్చుని రోజూ కబుర్లాడుకోవడం జరిగే పని కాదు. అక్కడికి తెచ్చిన చిన్నపిల్లల్లో చాలామందిని రైలు దిగిన కొద్ది గంటల్లోనే చంపేశారు. పైగా చివర్లో మన కన్నీళ్లన్నీ కమాండెంట్ కొడుక్కే పోతాయి. ఔష్విట్జ్ స్మారక మ్యూజియమే 2020లో, ఈ చరిత్ర చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ ఆ నవల జోలికి పోవద్దంది.

ఇప్పుడు లోయిస్ లౌరీ 'నంబర్ ద స్టార్స్' ఇవ్వండి. 1943, జర్మన్ సైన్యం చేతిలో ఉన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్. యూదుల అమ్మాయి ఎలెన్‌ను పదేళ్ల ఆన్‌మరీ ఇంట్లో సొంతపిల్లగా చెప్పి దాస్తారు. రాత్రివేళ జర్మన్ సైనికులు వచ్చిపడితే ఎలెన్ మెడలో గొలుసు ఊడిరాదు. ఆన్‌మరీ దాన్ని తెంపి పిడికిట్లో బిగిస్తుంది. వాళ్లు వెళ్లాక చూస్తే అరచేతిలో ఆ గొలుసుకున్న, యూదుల గుర్తయిన ఆరు కోణాల నక్షత్రం అచ్చుపడి ఉంటుంది. భయమంటే ఏమిటో ఆ అరచెయ్యే చెబుతుంది.

పుస్తకం వెనక రచయిత్రి మాట వదిలెయ్యకండి. ఏది కల్పనో ఏది నిజమో అందులో ఉంది. పడవలను వెతికే జర్మన్ల కుక్కలను ఏమార్చడానికి కథలో వాడిన రుమాలు, ఎండిన కుందేలు రక్తం, కొకైన్ (ఒక మత్తుమందు) కలిపి పట్టించింది, నిజమే. రక్తం వాసనకు కుక్క మూతి పెడుతుంది, కొకైన్‌కు ముక్కు మొద్దుబారుతుంది, ఇక పడవలో దాక్కున్నవాళ్లను పసిగట్టలేదు. మొత్తం మీద దాదాపు 7,200 మంది యూదులు పడవల్లో డెన్మార్క్ నుంచి స్వీడన్ చేరారు. అయితే ఈ ఒక్కటే చదివిన పిల్లలు అందరూ బతికారనుకుంటారు. యూరప్‌లో 60 లక్షల మంది యూదులను చంపారనీ, అందులో దాదాపు 15 లక్షలు పిల్లలేననీ మీ నోటితో చెప్పండి. పడుకునే ముందు మాత్రం వద్దు, పగలు చదివించండి.

బాబుకు జూడిత్ కెర్ 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' సరిపోతుంది. 1933లో బెర్లిన్ వదిలిన కుటుంబం కథ. శిబిరాల లోపలికి వెళ్లదు.

ఆన్ ఫ్రాంక్ డైరీ నవల కాదు, నాజీలకు భయపడి కుటుంబంతో దాక్కున్న ఒక యూదు అమ్మాయి నిజంగా రాసుకున్నది. పాపకు పదమూడు వచ్చాక ఇవ్వండి. ఆన్‌కు డైరీ చేతికందిన వయసూ అదే. చివరి పేజీ తేదీ 1944 ఆగస్టు 1. మూడు రోజులకే వాళ్లు పట్టుబడ్డారు. 1945లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో ఆన్ చనిపోయింది. అది డైరీలో ఉండదు కాబట్టి, చివరి పేజీ చదివేటప్పుడు మీరు పాప పక్కనే కూర్చోండి.